ఆపరేషన్ అయిన కన్ను – బాక్టీరియాను చంపే వైరసు
(స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ డాక్టరుగారు ఈ జిల్లాలో శుక్లం ఆపరేషన్లు మొదలుపెట్టేనాటికి కంట్లో లెన్సు పెట్టే పద్ధతి మన పల్లెలకు రాలేదు. ఆపరేషన్ అయినవాళ్లు జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలతో గడిపేవాళ్లు. బడి గదులు ఖాళీ చేయించి శిబిరాలు పెట్టేవారు. శిబిరానికి బయలుదేరే జీపులోకి ముందుగా ఎక్కేది పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ అనీ, అది సరిగా పనిచేస్తోందని స్వయంగా చూసుకోనిదే ఆయన కత్తి పట్టేవారు కాదనీ ఆయన దగ్గర పనిచేసిన నర్సమ్మలు ఇప్పటికీ చెబుతారు. ఆయనకంత జాగ్రత్త నేర్పిన జబ్బు పేరు ఎండాఫ్తల్మైటిస్. ఆపరేషన్ అయిన కంట్లో చీము పట్టడం. ఆ జబ్బు గురించీ, దాని మీద ప్రయోగించదగ్గ ఒక పాత ఆయుధం గురించీ మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ ఆయుధం బాక్టీరియాను చంపే వైరసు. పేరు బాక్టీరియోఫేజ్. పొట్టిగా ఫేజ్ అందాం.

నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. ఒంట్లో ఫేజ్ చికిత్సకు అన్నిటికన్నా అనువైన చోటు కన్ను అని నా నమ్మకం. అయినా ఈ రోజు ఏ రోగి కంట్లోకీ దాన్ని నేను ఎక్కించను. ఈ రెండు మాటల మధ్య చేయవలసిన పని చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం మనం ఇక్కడే, మన లాబుల్లోనే చేసుకోగలిగినది.

కనుగుడ్డులో ఐదింట నాలుగు వంతులు విట్రియస్ అనే జిగురు పదార్థం. కోడిగుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా ఉంటుంది. మొత్తం కలిపితే 4 మిల్లీలీటర్లు. అందులో రక్తనాళాలు ఉండవు. వెలుగు అడ్డం లేకుండా రెటీనాకు చేరాలంటే అలా ఉండాల్సిందే. కానీ రక్తం రాని చోటికి తెల్లరక్తకణాలు ఆలస్యంగా వస్తాయి, నోటితో మింగిన మందు సరిగా చేరదు. రెప్పల అంచు నుంచో, పరికరం మీద నుంచో, కంటిని కడిగే ద్రవంలో నుంచో కొద్దిపాటి బాక్టీరియా ఆ జిగురులోకి చేరితే వాటికి అడ్డు లేదు. గంటగంటకూ రెట్టింపులు అవుతాయి. వాటి విషాలు రెటీనాను కాలుస్తాయి. వాటిని చంపడానికి వచ్చిన మన తెల్లకణాలు వదిలే రసాయనాలు కూడా అదే రెటీనాను కాలుస్తాయి. రెటీనా కణం ఒకసారి చస్తే మళ్లీ పుట్టదు. అందుకే ఈ జబ్బులో క్రిమిని చంపినా చూపు మిగలని రోగులు ఇందరు.

ఈ జబ్బుకు వైద్యం ఎలా చేయాలో స్పష్టంగా చెప్పిన పెద్ద అధ్యయనం అమెరికాలో 1995లో వెలువడింది. ఎండాఫ్తల్మైటిస్ విట్రెక్టమీ స్టడీ అంటారు. అందులో 420 మంది రోగులు. మందును నేరుగా కంట్లోకి సూదితో ఇచ్చినప్పుడు, దానికి తోడు నరానికి ఎక్కించిన యాంటీబయాటిక్ వల్ల అదనపు లాభం లేదని అప్పుడు తేలింది. ఈనాటికీ మనం చేసేది అదే. వాంకోమైసిన్ 1 మిల్లీగ్రాము, సెఫ్టాజిడిమ్ 2.25 మిల్లీగ్రాములు, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరులో కలిపి విట్రియస్‌లోకి ఇస్తాం. మొదటిది గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు, రెండోది గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకు. ఆ అమెరికా రోగుల్లో పెరిగిన బాక్టీరియాలో 94 శాతం గ్రామ్ పాజిటివ్ రకం, చాలామట్టుకు చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకాకస్. మన దేశంలో లెక్క వేరు. ఇక్కడ సూడోమోనాస్ వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వాటా బాగా ఎక్కువ, బూజు జాతి శిలీంధ్రాల వాటా కూడా ఎక్కువే. సూడోమోనాస్ కంట్లో పడితే చూపు పోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలు.

ఆలస్యం ఎలా జరుగుతుందో ఇక్కడి వైద్యులకు నేను చెప్పనక్కర్లేదు. రెండో రోజు పొద్దుట కట్టు విప్పినప్పుడు గోడ మీద కేలండరు చదివిన పెద్దావిడ, మూడో రోజు రాత్రి కన్ను సలుపుతోందంటుంది. "ఆపరేషన్ అన్నాక ఆ మాత్రం నొప్పి ఉంటుందిలే అనుకున్నాం డాక్టరుగారూ, పొద్దున్నే బస్సెక్కాం" అంటాడు కొడుకు. వాళ్ల తప్పేమీ లేదు. నొప్పి పెరిగితే ఆ రాత్రే రావాలని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి పంపలేదు ఎవరూ.

ముందు జాగ్రత్త ఎంత పని చేస్తుందో కూడా చెప్పాలి. ఫేజ్ మోజులో అది మరుగున పడకూడదు. ఆపరేషన్‌కు ముందు కంటి మీద పొవిడోన్ అయొడిన్ చుక్కలు వేయడం చౌకైన, తిరుగులేని పని. మదురై కేంద్రంగా ఉన్న అరవింద్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ చివర కంటి ముందు గదిలోకి మాక్సీఫ్లాక్సాసిన్ ఇవ్వడం మొదలుపెట్టాక, 6 లక్షలకు పైగా కళ్లలో చూస్తే ఈ జబ్బు 0.07 శాతం నుంచి 0.02 శాతానికి తగ్గిందని 2017లో ప్రచురించారు. దేశంలో ఏటా లక్షల సంఖ్యలో జరిగే ఆపరేషన్ల మీద ఆ తేడా అంటే ఎన్ని కళ్లో ఊహించండి.

అయితే ఈ 0.02 శాతంలో కొన్ని కళ్లు మందుకు లొంగని క్రిమి బారిన పడుతున్నాయి. కొన్నిసార్లు ఒకే చోట చాలా కళ్లు ఒకేసారి జబ్బు పడుతున్నాయి. 2021 నవంబరులో బీహారులోని ముజఫర్‌పూర్‌లో ఒకే రోజు 65 మందికి శుక్లం ఆపరేషన్ చేశారు. వాళ్లలో పది మందికి పైగా కళ్లు తీసేయాల్సి వచ్చింది. 2023లో అమెరికాలో బయటపడిన ఉదంతం మనం ఇంకా జాగ్రత్తగా చదవాలి. చెన్నై దగ్గర తయారైన కంటి చుక్కల మందులో, దాదాపు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని సూడోమోనాస్ ఉంది. 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. 14 మంది చూపు పోగొట్టుకున్నారు, నలుగురికి కన్ను తీసేశారు, నలుగురు చనిపోయారు. చుక్కల సీసా మన దగ్గర నుంచి వెళ్లింది. ఆ మందు వాడినవాళ్లకు ఇవ్వడానికి సెఫ్టాజిడిమ్ పనికిరాకపోతే వైద్యుడి చేతిలో ఇంకేముంది? అమికాసిన్ వంటివి కంట్లోకి ఎక్కిస్తే రెటీనా మధ్యభాగం దెబ్బతినే ప్రమాదం ఉంది. మోతాదు పెంచుకుంటూ పోవడానికి ఇది కాలిపుండు కాదు.

ఇక్కడే ఫేజ్ మాట వస్తుంది. ఈ మాట కొత్తది అనుకుంటారు చాలామంది. దీని చరిత్రలో మన దేశానికి పెద్ద చోటుంది.

1896లో ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఆగ్రాలో పనిచేస్తూ, గంగ, యమున నీళ్లు కలరా క్రిమిని చంపుతున్నాయని, ఆ నీళ్లను మరగకాస్తే ఆ శక్తి పోతోందని రాశాడు. అది ఫేజ్ పనే అయి ఉండవచ్చని తర్వాతివాళ్లు అన్నారు. నిరూపించడం ఇప్పుడు సాధ్యం కాదు. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ దెరెల్ ఎవరికి వారు ఈ వైరసుల జాడ పట్టుకున్నారు. బాక్టీరియోఫేజ్ అనే పేరు దెరెల్ పెట్టిందే. జిగట విరేచనాలు తగ్గుతున్న రోగి మలంలో, ఆ జబ్బు తెచ్చిన క్రిమినే కరిగించే పదార్థం ఉందని ఆయన గమనించాడు. రెండేళ్లు తిరక్కుండా దాన్ని ఆ జబ్బు పడిన పిల్లలకు ఇచ్చి చూశాడు.

ఆ దెరెల్ 1927లో కలరా మీద ఫేజ్‌ను ప్రయోగించడానికి మన దేశం వచ్చాడు. మలోన్, లాహిరి అనే వైద్యులతో కలిసి పంజాబులో పనిచేశాడు. ఫేజ్ తీసుకోనివారిలో సుమారు 63 శాతం చనిపోతే, తీసుకున్నవారిలో 7 శాతంలోపే చనిపోయారని వాళ్ల నివేదిక. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఉత్సాహంతోనే అస్సాంలో, పాట్నాలో ప్రభుత్వ విచారణ సాగింది. నౌగాంగ్ ప్రాంతంలో ఊళ్లకు ఫేజ్ సీసాలు పంచారు, హబీబ్‌గంజ్‌లో పంచలేదు. 1936 దాకా నడిచిన ఆ పని చివరికి ఏమీ తేల్చకుండానే ఆగిపోయింది. నౌగాంగ్‌లో కలరా తగ్గింది నిజమే. కానీ ఆ రెండు ప్రాంతాల నీళ్లు, జనం, వానలు ఒకటి కావు. చీటీలు వేసి రోగులను రెండు గుంపులుగా విడదీసే పద్ధతి అప్పటికి స్థిరపడలేదు. ఫేజ్ ఓడిపోలేదు. గెలిచిందో లేదో చెప్పగల పరీక్ష దానికి దొరకలేదు. తొమ్మిదేళ్ల శ్రమ, అన్ని వేల మంది పల్లె జనం సహకారం, ఆఖరున చేతికి వచ్చింది సందేహం. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే. కంటి విషయంలో మనం దాన్ని రెండోసారి జరగనివ్వకూడదు.

తర్వాత యాంటీబయాటిక్‌లు వచ్చాయి. ఆ కథలో మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు ఆయన నాయకత్వం వహిస్తున్న రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. 1948లో అది ప్రపంచానికి తెలిసింది, ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. ట్రకోమా వంటి కంటి జబ్బులకు కూడా వాడారు. ఏ క్రిమో తెలియకపోయినా ఒకే మందు పది రకాల క్రిములను చంపుతుంటే, ఒక్కో క్రిమికీ ఒక్కో వైరసును వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? పడమటి దేశాలు ఫేజ్‌ను వదిలేశాయి. జార్జియా రాజధాని త్బిలిసీలో 1923లో జార్జి ఎలియావా స్థాపించిన సంస్థ మాత్రం దాన్ని వదల్లేదు. ఎలియావాను స్టాలిన్ కాలంలో 1937లో కాల్చి చంపారు. సంస్థ మాత్రం నిలిచింది, ఈనాటికీ రోగులను చూస్తోంది.

ఇప్పుడు కన్ను దగ్గరికి వద్దాం. ఇక్కడే ఫేజ్ ఎందుకు అనువు అన్నాను?

మొదటి సంగతి, మందు చేరడం. రక్తంలోకి ఎక్కించిన ఫేజ్‌లను కాలేయం, ప్లీహం ఏరిపారేస్తాయి. యుద్ధం జరిగే చోటికి ఎన్ని చేరతాయో చెప్పలేం. కంట్లో అలా కాదు. 4 మిల్లీలీటర్ల మూసిన గది. సూది మొన ఎక్కడుందో మనకు కనబడుతుంది. ఎన్ని ఫేజ్‌లు ఇచ్చామో, లోపల ఎన్ని ఉన్నాయో లెక్క కట్టగలం. పైగా యాంటీబయాటిక్ ఇచ్చిన క్షణం నుంచి తరుగుతుంది. ఫేజ్ తన బాక్టీరియా దొరికితే పెరుగుతుంది. బాక్టీరియా గోడకు అతుక్కుని తన జన్యుపదార్థాన్ని లోపలికి నెడుతుంది. చాలా ఫేజ్‌లకు అరగంట అటూ ఇటూ చాలు, ఆ కణం పగిలి వంద దాకా కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. బాక్టీరియా అయిపోతే ఫేజ్ కూడా అయిపోతుంది. మన రెటీనా కణాల మీద దానికి అతుక్కునే చోటు లేదు కాబట్టి వాటిని అది తాకదు.

రెండోది లెన్సు. మనం పెట్టిన కృత్రిమ లెన్సు మీద బాక్టీరియా ఒక పొర అల్లుకుని దాక్కుంటుంది. ఆ పొరలోకి యాంటీబయాటిక్ చొరబడలేకపోవడం వల్లే కొన్ని కళ్లలో జబ్బు తగ్గినట్టే తగ్గి నెలల తర్వాత తిరగబెడుతుంది. కొన్ని ఫేజ్‌లు ఆ పొరను కరిగించే ఎంజైములను వెంట తెచ్చుకుంటాయి.

ఇదంతా కాగితం మీద తర్కం. ఎలుకల్లో ఏం జరిగిందో చూద్దాం. జపాన్‌లోని కోచి విశ్వవిద్యాలయం కంటి వైద్యులు 2019లో ప్రచురించిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. వాంకోమైసిన్‌కు లొంగని ఎంటరోకాకస్ ఫీకాలిస్‌ను ఎలుకల విట్రియస్‌లోకి పదివేల కణాల చొప్పున ఎక్కించారు. 24 గంటల్లో అవి కోటి దాటాయి. అదే జాతి ఎలుకల కంట్లోకి ఫేజ్‌ను ఎక్కిస్తే బాక్టీరియా లెక్క బాగా పడిపోయింది, తెల్లకణాల మంట తగ్గింది, కంటి వెనక భాగం కనబడింది. ఆపరేషన్ తర్వాత ఎండాఫ్తల్మైటిస్ వచ్చిన మనుషుల కళ్ల నుంచి తీసిన బాక్టీరియాను కూడా ఆ ఫేజ్ పరీక్షనాళికలో కరిగించింది. నల్లగుడ్డు మీద సూడోమోనాస్ పుండు పడిన ఎలుకలకు ఫేజ్ చుక్కలు వేస్తే నల్లగుడ్డు పారదర్శకత నిలిచిందని అదే బృందం 2012లోనే చూపింది.

డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అశోక్ కుమార్ బృందం ఇంకో దారి పట్టింది. ఫేజ్ బాక్టీరియా గోడను లోపలి నుంచి కోయడానికి వాడే ఎంజైమును మాత్రమే తీసుకుని, స్టెఫైలోకాకస్ ఆరియస్ పట్టిన ఎలుకల కంట్లోకి ఎక్కించారు. జబ్బు మొదలైన 6 గంటలకు గానీ 12 గంటలకు గానీ ఒక్క సూది. కన్ను నిలబడింది. 2014 నాటి ప్రచురణ ఇది. వైరసు లేకుండా దాని కత్తి మాత్రమే వాడుకోవడం అన్నమాట. మోతాదు లెక్కకు, తయారీకి, అనుమతులకు ఇది సులువైన బాట.

మనుషుల్లో? నల్లగుడ్డుకు వచ్చిన ఇన్‌ఫెక్షన్‌తో, వాంకోమైసిన్‌కు సరిగా లొంగని స్టెఫైలోకాకస్‌తో ఏళ్ల తరబడి బాధపడిన ఫ్రాన్సు మహిళ ఒకరు త్బిలిసీ వెళ్లి ఫేజ్ చుక్కలు వేయించుకుంటే క్రిమి పోయిందని 2015లో రాశారు. అది ఒక్క రోగి కథ. అది నల్లగుడ్డు, విట్రియస్ కాదు. అంతకంటే ఎక్కువ బరువు దాని మీద పెట్టకూడదు.

ఇప్పుడు నా సంకోచం ఎందుకో చెబుతాను. సూడోమోనాస్ వంటి బాక్టీరియా గోడలో ఎండోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఫేజ్‌లు కోట్ల కణాలను ఒక్కసారిగా పగలగొడితే ఆ విషమంతా ఆ చిన్న గదిలోనే చిమ్ముతుంది. ఫేజ్‌ను పెంచేది కూడా అదే బాక్టీరియా మీద కాబట్టి సీసాలోనే ఆ విషం కలిసి ఉండవచ్చు. రక్తంలో ఇంకిపోయే పరిమాణం కంట్లో మంట పుట్టిస్తుంది. క్రిమి చచ్చి కన్ను పోతే రోగికి ఒరిగేదేమిటి? కంటికి వాడే ఫేజ్ శుద్ధి మరే అవయవానికీ అక్కర్లేనంత గట్టిగా ఉండాలి.

అసలు చిక్కు మాత్రం వేళ. ఎలుకల్లో ఏ క్రిమో, ఏ గంటకు ఎక్కించారో ముందే తెలుసు, దానికి సరిపడే ఫేజ్ పక్కనే సిద్ధంగా ఉంది. మన రోగి బస్సు దిగి వచ్చేసరికే ఆలస్యం. కంటి నుంచి తీసిన నమూనాలో క్రిమి పెరగడానికి ఒకటి రెండు రోజులు. ఒక సూడోమోనాస్‌ను చంపే ఫేజ్ ఇంకో సూడోమోనాస్‌ను చంపకపోవచ్చు. అప్పుడు వెతకడం మొదలుపెడితే కన్ను ఆగదు. 2016లో అమెరికాలోని శాన్ డియాగోలో, ఈజిప్టులో జబ్బుపడి కోమాలోకి వెళ్లిన టామ్ పాటర్సన్‌ను ఫేజ్‌లు బతికించిన సంగతి మీరు చదివే ఉంటారు. టెక్సస్‌లోని విశ్వవిద్యాలయం, నౌకాదళ పరిశోధనశాల కలిసి ఫేజ్‌లను వెతికి, శుద్ధి చేసి పంపేదాకా ఆయన ఎలాగో నిలబడగలిగారు. కన్నుకు అన్ని రోజుల గడువు ఉండదు.

సిద్ధంగా ఉన్నది కూడా సరిగా ఉండాలి. ఫ్రాన్సు, బెల్జియం కాలినగాయాల ఆసుపత్రుల్లో జరిగిన ఫాగోబర్న్ అనే ప్రయోగ ఫలితం 2019లో వచ్చింది. మిల్లీలీటరుకు పది లక్షల ఫేజ్‌లు ఇవ్వాలనుకుంటే, నిలవలో అవి చచ్చి రోగికి చేరింది వందలోపే. మామూలు పూత మందు కన్నా ఆలస్యంగా పనిచేసిందని తేలింది. ఫేజ్ పనికిరాదని కొందరు తీర్పు చెప్పేశారు. నాకైతే తయారీలో తప్పు కనబడింది.

బాక్టీరియా ఫేజ్‌కు కూడా తట్టుకోవడం నేర్చుకుంటుంది. దాన్ని కూడా వాడుకోవచ్చని యేల్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ చాన్, పాల్ టర్నర్ చూపించారు. కనెటికట్‌లోని ఒక చెరువు నీళ్లలో దొరికిన వాళ్ల ఫేజ్, సూడోమోనాస్ యాంటీబయాటిక్‌ను బయటికి తోసే పంపునే పట్టుకుంటుంది. ఫేజ్ నుంచి తప్పించుకోవాలంటే క్రిమి ఆ పంపును వదులుకోవాలి, వదులుకుంటే పాత యాంటీబయాటిక్‌కు దొరికిపోతుంది. కాబట్టి కంట్లో కూడా ఫేజ్‌ను యాంటీబయాటిక్‌తో కలిపే ఇవ్వాలి.

మరి మనం చేయాల్సింది ఏమిటి? హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో, తిరుపతిలో పెద్ద కంటి విభాగాలు ఉన్నాయి. 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఈ జబ్బు గురించి రాసింది ప్రపంచమంతా చదువుతుంది. ఇలాంటి ప్రతిచోటా, చీము పట్టిన కంటి నుంచి తీసిన బాక్టీరియాను రిపోర్టు ఇచ్చాక పారేయకుండా మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాచాలి. మన ఆపరేషన్ గదుల్లో తిరిగే క్రిములేమిటో అప్పుడే తెలుస్తుంది. వాటిని చంపే ఫేజ్‌లు దూరదేశంలో వెతకనక్కర్లేదు. బాక్టీరియా ఎక్కడుంటే ఫేజ్ అక్కడే. ఆసుపత్రి మురుగులోనూ మూసీ నీళ్లలోనూ వాటికి కొదవ లేదు. దొరికిన ఫేజ్ జన్యుపటం చదివి, విషాలను గానీ నిరోధక జన్యువులను గానీ మోసేవాటిని, బాక్టీరియాలో ఒదిగి కూర్చునేవాటిని ముందే తీసేయాలి. జన్యుపటం చదవగల సంస్థలు హైదరాబాదులోనే ఉన్నాయి. వైరసును పెంచడం, ఎండోటాక్సిన్ లేకుండా శుద్ధి చేయడం, చల్లగా నిలవ ఉంచడం అదే నగరంలోని వ్యాక్సిన్ కర్మాగారాలకు రోజువారీ పని. ఈ మూడు చోట్ల ఉన్నవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడమే జరగాలి. వారణాసిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గోపాల్ నాథ్ బృందం మానని పుండ్లున్న 20 మందికి ఫేజ్ పూసి ఫలితాలను 2019లో ప్రచురించింది. మన దేశంలో ఇది కాని పని కాదు.

కుందేటి కళ్లలో భద్రత చూశాకే మనిషి దగ్గరికి రావాలి. అప్పుడు కూడా, మందులన్నీ విఫలమైన కళ్లతో మొదలుపెట్టి, నైతిక సంఘం అనుమతితో, రోగికి ఇంటి భాషలో అంతా చెప్పి, చీటీ పద్ధతిలో పోల్చి చూడాలి. ఫలితం మంచిదైనా చెడ్డదైనా ప్రచురించాలి. అస్సాం పల్లెల జనం ఇచ్చిన సహకారానికి ఆనాడు దక్కని స్పష్టత ఈసారి మన రోగులకు దక్కాలి.

ఇక్కడున్న సర్జన్లకు నా విన్నపం: రేపటి నుంచి మీ లాబులో పెరిగిన ప్రతి కంటి క్రిమినీ దాచండి. శుక్లం ఆపరేషన్ అయి ఇంటికి వెళుతున్న ప్రతి ఒక్కరికీ, వాళ్ల వెంట వచ్చిన పిల్లలకూ ఈ మాట చెప్పి పంపండి: నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడినా, నిన్న కనబడినంత ఈ రోజు కనబడకపోయినా, పొద్దున్నే బస్సు కోసం ఆగవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి రండి.